ముప్పై అయిదేళ్ళ జూనియర్

మా సంస్థ విశ్రాంత ఉద్యోగుల పత్రికలో ఇప్పటిదాకా అందరి అనుభవాలూ అచ్చయ్యాయి. బాయిలర్ మరమ్మతు గురించి వచ్చింది. తాపీ నది పొంగినప్పుడు ఫైళ్ళు మేడ మీదికి మోసిన సంగతి వచ్చింది. క్యాంటీన్‌లో ఉప్మా మాడిన రోజు మీద కూడా రెండు పేజీలు వచ్చాయి. ఉద్యోగమంతా ఆ సంస్థ జెర్సీలకు చెమట పట్టించిన ఫుట్‌బాల్ కోచ్‌ని మాత్రం ఒక్క పేరా రాయమని ఎవరూ అడగలేదు. అడుగుతారేమోనని చూశాను. సంపాదకవర్గానికి గుర్తు కూడా చేశాను. జవాబు లేదు. కాబట్టి ఇది అడక్కుండానే పంపుతున్న వ్యాసం. వేసుకోకపోతే ఎందుకు వేసుకోలేదో చెప్పాలి.

కరోనా ఆంక్షలు ఎత్తేసి మైదానాలు మళ్ళీ తెరిచిన ఏడాది చలికాలంలో, నా రిటైర్మెంటు దగ్గరపడ్డ రోజుల్లో, సూరత్ యూనిట్‌లో నాకు అప్పగించిన చివరి పెద్ద పని ఒక టోర్నమెంటుకు నిబంధనలు రాయడం. అప్పటికి నా హోదా స్పోర్ట్స్ సూపర్‌వైజర్. పేరు పెద్దగా వినిపిస్తుంది గాని, సంక్షేమ విభాగంలో అది అడుగు నుంచి రెండో మెట్టు. నా బల్లకి ఒక పక్క క్యాంటీన్ ఇన్‌ఛార్జి, రెండో పక్క లైబ్రరీ గుమస్తా. కోచ్ పని మైదానంలోనే ఉంటుందని అందరూ అనుకుంటారు. నిజానికి సగం పని ఆ బల్ల దగ్గరే. ఆటగాళ్ళకి డ్యూటీ మినహాయింపులు అడగడం, బూట్ల కొలతలు పంపడం, మైదానానికి నీళ్ళు పెట్టించడం, ఎవరి మోకాలు ఎంతవరకు నయమైందో డాక్టరుతో వాదించడం. మిగిలిన సగం పని పొద్దున్నే పచ్చిక మీద.

నేను పుట్టి పెరిగింది గుంతకల్లు రైల్వే కాలనీలో. ఇన్‌సైడ్ లెఫ్ట్ ఆడేవాణ్ణి. అంటే ముందు వరుసలో నడిమివాడికి ఎడమ పక్కన ఉండి బంతి అందించేవాడు. ఆ ఆటతోనే ఉద్యోగం వచ్చింది. ఆ తర్వాత సంస్థ నన్ను కోచ్ శిక్షణకి పంపింది. శిక్షణ చివర్లో ప్రతి ఒక్కరూ ఒక అంశం మీద పరిశోధన వ్యాసం సమర్పించాలి. మిగతావాళ్ళు కండరాల బలం, విటమిన్ల గురించి రాశారు. నేను ఇరవయ్యో శతాబ్దం తొలి రోజుల స్కాట్లండ్ ఆటగాళ్ళ జీవితాల మీద రాశాను. ఓ చిన్న దేశం, పక్కనున్న పెద్ద దేశపు క్లబ్బులన్నిటికీ అంతమంది ఆటగాళ్ళని ఎలా పంపగలిగిందో తెలుసుకోవాలని నాకు పట్టుదల. మా గైడు నా కాగితాలు తిరగేసి, "చచ్చిపోయినవాళ్ళ ఆట మనకెందుకయ్యా, బతికున్నవాళ్ళని చూడు," అన్నారు. క్లాసంతా నవ్వింది. ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ చెప్పగలను.

కాని ఆ వ్యాసం రాస్తున్నన్నాళ్ళూ నాకు నిద్ర పట్టేది కాదు, అంత ఉత్సాహం! ఆ ఆటగాళ్ళు గనుల్లో బొగ్గు తవ్వేవాళ్ళు, ఓడలకి మేకులు కొట్టేవాళ్ళు, మిల్లుల్లో నార వడికేవాళ్ళు. శనివారం మధ్యాహ్నం పని ఆగగానే మైదానానికి పరుగెత్తేవాళ్ళు. వాళ్ళు మొదట ఆడేది 'జూనియర్' క్లబ్బుకి. ఇక్కడ పాఠకులు జాగ్రత్తగా చదవాలి. గొడవంతా ఈ మాట దగ్గరే వచ్చింది. స్కాట్లండ్‌లో జూనియర్ అంటే వయసుకి సంబంధించిన మాట కాదు. పెద్ద లీగుల్లో ఆడేవి సీనియర్ క్లబ్బులు. పేటల్లో, పల్లెల్లో, గనుల దగ్గర పనివాళ్ళు నడుపుకునేవి జూనియర్ క్లబ్బులు. అదొక తరగతి పేరు, అంతే. జూనియర్ ఆటలో మెరిసినవాణ్ణి సీనియర్ క్లబ్బు పిలిచేది. అక్కణ్ణుంచి ఇంగ్లండు. అక్కడ నాలుగు డబ్బులు, పేరు, ఆపైన ఓ రోజు మోకాలు. మోకాలు పోయాక తిరిగి సొంత ఊరు. అప్పుడతను జూనియర్ సంఘానికి అర్జీ పెట్టుకునేవాడు, నన్ను మళ్ళీ మీలో చేర్చుకోండని. వాళ్ళు ఒప్పుకుంటే, ముప్పై అయిదేళ్ళ మనిషి, పిల్లల తండ్రి, మళ్ళీ జూనియర్ ఆటగాడు! తన పేటవాళ్ళ మధ్య, తన మట్టిలో. ఈ ఏర్పాటు నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. ఆటగాడిని పైకి పంపే మెట్లు చాలా దేశాల్లో ఉన్నాయి. దిగి వచ్చినవాడికి చోటిచ్చే మెట్టుని వాళ్ళు కాగితం మీద పెట్టుకున్నారు.

సూరత్‌లో ఆ చలికాలపు టోర్నమెంటుని నడిపింది తెలుగు ఉద్యోగుల క్రీడా కమిటీ. కార్యదర్శి విశ్వనాథం గారు. ఆయన మా సంస్థలోనే డిప్యూటీ మేనేజరు, నాకు పై అధికారి కూడా. నిబంధనలు రాయమని నాకు చెప్పారు. రెండు విభాగాలు పెట్టాను. సీనియర్ విభాగం ఆఫీసు జట్లకి: బ్యాంకులు, రైల్వే, మాలాంటి సంస్థలు. జూనియర్ విభాగం ఏ ఆఫీసు రోలులోనూ పేరు లేనివాళ్ళకి. రోలు అంటే సంస్థ పక్కా ఉద్యోగుల పట్టిక. సూరత్‌లో ఆ పట్టికల బయట బతికేవాళ్ళే ఎక్కువ.

కాగితం చేతికిచ్చి విశ్వనాథం గారికి నోటితో కూడా చెప్పాను. ఆయన చెవి దగ్గర ఫోను. "సార్, జూనియర్ అంటే ఇక్కడ పిల్లలు కాదు," అన్నాను. తల ఊపారు. మర్నాడు మళ్ళీ చెప్పాను. మళ్ళీ తల ఊపారు. ఆ ఊపు నాకు కాదనీ, ఫోన్లో ఉన్నవాళ్ళకనీ తర్వాత తెలిసింది.

నేను జూనియర్ విభాగం పెట్టింది మనసులో ఒక జట్టుని ఉంచుకునే. ఆ జట్టు సూరత్‌లోనే లింబాయత్ అనే పేటలో ఉంది. తెలంగాణ నుంచి వచ్చిన నేతకుటుంబాలు అక్కడ పవర్‌లూమ్‌ల మీద పనిచేస్తాయి. సాంచాలంటారు వాళ్ళు ఆ మగ్గాలని. షేరింగ్ ఆటో దిగి సందులోకి తిరిగితే, మనిషి కంటే ముందు చప్పుడు ఎదురొస్తుంది. ఆ హోరులో పక్కవాడి మాట కూడా వినపడదు. అందుకని వాళ్ళు చేతులతో మాట్లాడుకుంటారు. రెండు వేళ్ళు తెరిచి చూపితే దారం తెగిందని. అరచెయ్యి కిందికి ఊపితే సాంచా ఆపమని. స్కాట్లండ్‌లో డండీ అనే ఊళ్ళో జనపనార మిల్లు పనివాళ్ళు కూడా అచ్చంగా ఇలాగే చేతులతో మాట్లాడుకునేవారని నేను చదివాను. ఓ సెలవురోజు పొద్దున లింబాయత్ ఖాళీ స్థలంలో ఈ నేతపనివాళ్ళ ఆట మొదటిసారి చూసినప్పుడు నాకు ఒళ్ళు ఝల్లుమంది. ఒక్క అరుపు లేదు! బంతి మాత్రం కాలి నుంచి కాలికి, గోడకి కొట్టినట్టు తిరుగుతోంది. మధ్యలో ఒకడు రెండు వేళ్ళు పైకెత్తి కుడి వైపు చూపించాడు. అటు ఖాళీ ఉందనీ, దారం తెగినట్టు వరస తెగిందనీ అర్థం. వెంటనే ఒకడు ఆ ఖాళీలోకి దూరాడు. నా వ్యాసం లేచి పరుగెడుతున్నట్టుంది.

ఆ వేళ్ళెత్తినవాడు మల్లేశం. అతనికి అప్పుడు ముప్పై అయిదేళ్ళు. నల్లగా, పొట్టిగా, దట్టమైన మీసంతో ఉంటాడు. ఆడే చోటు సెంటర్ హాఫ్. ఇప్పుడు ఆ పేరు వెనక కాపలా కాసేవాడికి వచ్చింది గాని, పాత స్కాట్లండ్ ఆటలో సెంటర్ హాఫ్ అంటే మైదానం నడిబొడ్డున నిలబడి ముందుకీ వెనక్కీ జట్టంతటినీ ఆడించేవాడు. ఒక్కడే వరసెడు సాంచాల మీద కన్నేసి ఉంచే మనిషికి అది అలవాటైన పనే.

అతనికి కావలసింది ఒకటే: ప్లేయర్ కార్డు. ఫోటో, పేరు ఉన్న చిన్న ప్లాస్టిక్ ముక్క. అది ఉంటే మా మైదానంలో సెలవురోజు పొద్దున ప్రాక్టీసు చేసుకోనిస్తారు. కార్డు ఇచ్చేది కమిటీ. షరతు ఏమిటంటే, కనీసం ఒక్క రిజిస్టర్ మ్యాచ్ ఆడి ఉండాలి. అంటే కమిటీ పంపిన రిఫరీ ఈల వేసి మొదలుపెట్టి, ఈల వేసి ముగించిన మ్యాచ్. కాని అలాంటి మ్యాచ్‌లన్నీ ఆఫీసు జట్లవే. సాంచాల కార్మికుణ్ణి ఏ ఆఫీసు జట్టు తీసుకుంటుంది? ఈలోగా లింబాయత్ ఖాళీ స్థలంలో అపార్ట్‌మెంటుకి పునాదులు తవ్వడం మొదలుపెట్టారు. కార్డు రాకపోతే వాళ్ళకి కాలు పెట్టే చోటు కూడా ఉండదు. ఆట అక్కడితో ఆగిపోతుంది.

టోర్నమెంటు సంగతి చెప్పడానికి అతని ఇంటికి వెళ్ళాను. మల్లేశం భార్య పద్మ చాయ్ పెట్టింది. జూనియర్ విభాగంలో పేరు ఇచ్చానని చెప్పగానే మల్లేశం ముఖం వాడిపోయింది.

"జూనియర్ ఏంది సార్? నాకు ఇద్దరు పిల్లలు. పెద్దోడు ఎనిమిదిల ఉన్నడు. వాని పేరు రాసిండ్రా, నా పేరు రాసిండ్రా?"

నీ పేరే రాశానన్నాను. స్కాట్లండ్ సంగతంతా విప్పి చెప్పాను. ముప్పై అయిదేళ్ళకి తిరిగొచ్చి జూనియర్‌గా ఆడినవాళ్ళ గురించి చెప్పాను. అతని కళ్ళు మెరిశాయి. పద్మ మాత్రం చాయ్ గ్లాసులు తీస్తూ, "ముప్పై అయిదేండ్లకు జూనియరంట! పోయి మన పోరని స్కూల్ డ్రెస్ ఏసుకో. టిఫిన్ డబ్బా గూడ కట్టియ్యాల్నా?" అంది.

"ఏసుకుంట తియ్యవే, కార్డిస్తమంటే లాగు గూడ ఏసుకుంట," అన్నాడు మల్లేశం.

టోర్నమెంటు నాటి పొద్దున మా సంస్థ మైదానంలో ఎండ ఇంకా పూర్తిగా ఎక్కలేదు. నేను మ్యాచ్ కమిషనర్‌ని. అంటే ఏ జట్టుకీ చెందకుండా, ఆట నిబంధనల ప్రకారం జరిగిందో లేదో చూసి సంతకం పెట్టేవాణ్ణి. గీతలకి సున్నం వేయించి, గోల్ వలలు కట్టించి తలెత్తేసరికి, జూనియర్ విభాగంలో లింబాయత్ కాక పేరిచ్చిన ఒకే ఒక్క జట్టు, మా సంస్థ కాలనీ జట్టు, వచ్చేసింది. ఇస్త్రీ చేసిన జెర్సీలు, కొత్త బూట్లు, చేతుల్లో నీళ్ళ సీసాలు. వెనక తల్లులు గ్లూకోజు డబ్బాలతో. జట్టులో అందరికంటే పెద్దవాడు ఏడో తరగతి.

నేను కంగారుగా గేటు వైపు చూశాను. అప్పుడే లింబాయత్ టెంపో వచ్చి ఆగింది. మీసాలతో, నెరిసిన చెంపలతో, గుడ్డ బూట్లతో పదకొండు మంది దిగారు. వాళ్ళ గోల్‌కీపర్ సత్తయ్య దిగుతూనే బీడీ ఆర్పాడు.

అందరూ ఒకేసారి మాట్లాడారు.

"అయ్యో, ఈ మనుషులతోనా మా బాబు ఆడేది? కాలు విరిగితే ఎవరిదండీ పూచీ?" అని ఒక తల్లి. రిఫరీ గుజరాతీ ఆయన, దేశాయ్ గారు. ఆయన సత్తయ్యని కిందినుంచి పైకి చూసి, "యే జూనియర్ హై?" అని నన్నడిగారు.

సత్తయ్యే జవాబిచ్చాడు. "జూనియర్‌నే సాబ్. మా సేఠ్‌ను అడుగుండ్రి. పదేండ్ల సంది పగార్ పెంచమంటే, అభీ తుమ్ జూనియర్ హో అంటడు."

లింబాయత్ వాళ్ళంతా పగలబడి నవ్వారు. విశ్వనాథం గారు నవ్వలేదు. మెడలో కమిటీ బ్యాడ్జీ సర్దుకుంటూ నా దగ్గరికి వచ్చారు.

"రాఘవరావు గారూ, ఏమిటండీ ఈ తమాషా? జూనియర్ అంటే పిల్లలని పిల్లలకి కూడా తెలుసు. వాళ్ళని పంపించెయ్యండి."

నిబంధనలు ఆయన ముందు పెట్టాను. అందులో వయసన్న మాటే లేదు. ఏ ఆఫీసు రోలులోనూ పేరు ఉండకూడదని మాత్రమే ఉంది. కింద ఆయన సంతకం ఉంది. "చదవకుండా పెట్టిన సంతకం కూడా సంతకమేనండి," అన్నాను. ఆయన ముఖం ఎర్రబడింది. అందరి ముందూ "మీకు రిటైర్మెంటు కాస్త ముందే ఇవ్వాల్సిందండీ," అన్నారు. ఆ మాట ఇక్కడ రాసి పెడుతున్నాను, మరిచిపోయాననుకోకుండా.

అయితే చిక్కు ఆయన కోపం కాదు. నిబంధనల ప్రకారం పిల్లలు కూడా అర్హులే. వాళ్ళ పేర్లూ ఏ ఆఫీసు రోలులో లేవు! కాని పిల్లల్ని ఆ మీసాల మీదికి పంపడానికి నేను ఒప్పుకోను, ఏ కోచ్ ఒప్పుకోడు. పిల్లలు తప్పుకుంటే లింబాయత్‌కి వాకోవర్, అంటే ఆడకుండానే గెలుపు. వాకోవర్ రిజిస్టర్ మ్యాచ్ కింద చెల్లదు. గెలిచినా కార్డు రాదు. మల్లేశం ఆ సంగతి నాకంటే ముందే పసిగట్టాడు. పక్కకి లాగి, "సార్, గెలిపియ్యకుండ్రి. జర ఎవల్నన్న ఆడిపియ్యుండ్రి. ఓడినా మంచిదే," అన్నాడు. ఒక కోచ్‌తో ఏ ఆటగాడూ అలా అనగా నేను వినలేదు.

అప్పుడు తట్టింది నాకు. జట్టు పట్టీ మీద రిఫరీ సంతకం పడేదాకా అందులో పేర్లు మార్చుకోవచ్చు. ఎంట్రీ ఉన్నది కాలనీ జట్టు పేరున. కాలనీలో రోలు మీద పేరు లేని పెద్దవాళ్ళు ఎవరు? అధికారులు కారు, గుమస్తాలు కారు. కాంట్రాక్టు మనుషులు! ఏళ్ళ తరబడి మా సంస్థలోనే పనిచేస్తూ, మా సంస్థ పట్టికలో మాత్రం లేనివాళ్ళు. ఆట మొదలుపెట్టడానికి ఏడుగురు ఉంటే చాలునని ఫుట్‌బాల్ చట్టంలోనే ఉంది.

క్యాంటీన్ వైపు పరుగెత్తాను. ఆ వయసులో అలా పరుగెత్తడం డాక్టరు చూస్తే తిట్టేవాడు. వంటవాడు అప్పలరాజు శ్రీకాకుళం వాడు. టోర్నమెంటుకి వడలు వేస్తున్నాడు. విషయం ఊపిరి ఆడకుండా చెప్పాను.

"ఏటండి మాస్టారూ, ఇన్నేళ్ళుగా గ్రౌండు పక్కన వడలేస్తన్నాను, ఒక్క రోజైనా ఆడతావేట్రా అని ఎవులైనా అడిగినారా? నానొస్తాను, పదండి!" అని స్టవ్ ఆపేసి, గరిటె పడేసి వచ్చాడు. దారిలో తోటమాలులు ఇద్దరు దొరికారు. గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్ళు ముగ్గురు, డ్యూటీ అప్పుడే దిగినవాళ్ళు. ప్లంబరు ఒకడు, ఎలక్ట్రీషియన్ సహాయకుడు ఒకడు. స్కూలు బస్సు డ్రైవరు యూసుఫ్ భాయ్ తనే వచ్చి, "గోల్ మే మై. బస్ రోక్తా హూఁ, బాల్ నహీ రుకేగా క్యా?" అన్నాడు. బస్సునే ఆపేవాణ్ణి, బంతి ఆగదా అని. మొత్తం తొమ్మిది మంది.

పిల్లల జెర్సీలు వాళ్ళకి మోచేతుల దగ్గరే ఇరుక్కున్నాయి. అప్పలరాజు ఒకటి తొడిగి సగంలో చిక్కుకుపోతే ఇద్దరు లాగి తీశారు. చివరికి నా గదిలోంచి బిబ్‌లు తెప్పించాను. ప్రాక్టీసులో జట్లని వేరుగా గుర్తుపట్టడానికి చొక్కా మీద వేసుకునే పల్చటి బనీన్లు అవి. పేర్లు రాసి దేశాయ్ గారికిచ్చాను. ఆయన ఓ నిమిషం ఆలోచించి, "నియమ్ మే హై," అని సంతకం పెట్టారు. ఆ సంతకంతో అది రిజిస్టర్ మ్యాచ్ అయింది.

అవతల తొమ్మిది మందే గదా, నీ జట్టులో ఇద్దరిని తగ్గిస్తావా అని మల్లేశాన్ని అడిగాను. మర్యాద కొద్దీ అడిగాను. "అట్లెట్ల సార్? కార్డు అందరికి గావాలె," అన్నాడు. నేను వాదించలేదు.

ఈల పడింది!

నా ఉద్యోగంలో ఎన్నో ఫైనళ్ళు చూశాను. ఆ పొద్దుటి ఆటలాంటిది చూడలేదు. లింబాయత్ వాళ్ళు మొదటి పావుగంట పచ్చిక మీద పూలు అల్లినట్టు ఆడారు. మల్లేశం నడిమధ్య నిలబడి వేళ్ళెత్తడం, బంతి సందులోంచి దూసుకుపోవడం. మా కాంట్రాక్టు జట్టు బంతి వెనక కోళ్ళలా పరుగెత్తింది. మొదటి గోల్ లింబాయత్‌ది. రెండోదీ లింబాయత్‌దే. గీత బయట కాలనీ పిల్లలు తమ ఆట పోయిన బాధ మరిచిపోయి, "అప్పలరాజు అంకుల్! అప్పలరాజు అంకుల్!" అని గొంతులు చించుకుంటున్నారు.

కాని సందులో ఆడే ఆట వేరు, పూర్తి మైదానంలో ఆడే ఆట వేరు. లింబాయత్ స్థలం మా పెనాల్టీ బాక్సుకి కొంచెం పెద్దది, అంతే. విరామం తర్వాత వాళ్ళకి ఊపిరి అందలేదు. దుమ్ములో పనిచేసే ఊపిరితిత్తులు అవి. తోటమాలులేమో రోజంతా ఆ పచ్చిక మీదే తిరిగేవాళ్ళు, ఎక్కడ మెత్తగా ఉంటుందో, ఎక్కడ కాలు జారుతుందో వాళ్ళకే తెలుసు. ఒక గోల్ తిరిగిచ్చారు. యూసుఫ్ భాయ్ నిజంగానే బస్సులా అడ్డం పడి రెండు షాట్లు ఆపాడు. ఆపిన ప్రతిసారీ లేచి తల్లులకి సలాం కొట్టాడు. సెక్యూరిటీ కుర్రాడొకడు తలతో కొట్టి స్కోరు సమం చేశాడు. తల్లులు కుర్చీల మీద లేచి నిలబడ్డారు. గ్లూకోజు డబ్బాలు ఎవరు తెరిచారో గాని, రెండు జట్లూ తాగేస్తున్నాయి.

"వడలు ఎవరు వేస్తారయ్యా?" అని విశ్వనాథం గారు నా పక్కన కేకేశారు. ఆయన వైపు తిరగడానికి నాకు తీరిక లేదు.

చివరి నిమిషాలు. అప్పలరాజు బంతి పట్టుకుని కుడి పక్కగా దూసుకొస్తున్నాడు. మల్లేశం అది చూశాడు. రెండు వేళ్ళెత్తి గట్టిగా అటు చూపించాడు, దారం తెగింది, దారం తెగింది అని! అటువైపు కాపలా ఉన్నవాడు ఆ క్షణంలో పిల్లల కేకలకి తల తిప్పాడు. జీవితమంతా చప్పుడుని లెక్కచెయ్యకుండా చేతులనే చూసిన మనిషి, ఆ ఒక్కసారి చప్పుడు విని మోసపోయాడు. తన ఆట చూస్తూ జనం అరవడం అతను అంతకుముందు విని ఉండడు. అప్పలరాజు కొట్టాడు. సత్తయ్య ఎగిరాడు, అందలేదు. బంతి వలలో పడి తిరిగింది. వెంటనే చివరి ఈల.

లింబాయత్ ఓడింది. మల్లేశం మోకాళ్ళ మీద కూలబడ్డాడు. ఓదార్చాలని దగ్గరికి వెళ్ళాను. తలెత్తాడు, ముఖమంతా నవ్వు.

"సార్, ఓడినా రిజిస్టరే గద?"

"రిజిస్టరే."

"మల్ల గంతే సార్!" అని లేచి అప్పలరాజుని ఎత్తి గిరగిరా తిప్పాడు. బీడీ ముట్టించబోయిన సత్తయ్యని దేశాయ్ గారు ఈల వేసి ఆపారు. ఆ రోజు ఆ మైదానంలో నవ్వనివాళ్ళు ఎవరూ లేరు, ఒకరు తప్ప.

ఇక్కడితో ఆగి ఉంటే ఈ వ్యాసం రాసే పని ఉండేది కాదు. ఆ ఒకరు కప్పు పట్టుకుని వచ్చారు. ఫోటో తీసేవాడు సిద్ధంగా ఉన్నాడు. విశ్వనాథం గారు బిబ్‌లు వేసుకున్న తొమ్మిది మందినీ దాటుకుంటూ వెళ్ళి, కప్పుని కాలనీ పిల్లల చేతిలో పెట్టారు. ఎంట్రీ కాలనీ జట్టు పేరునే గదా అన్నారు. పిల్లలు పాపం అప్పలరాజుని కూడా రమ్మని చెయ్యి పట్టుకుని లాగారు. "నువ్వు వెళ్ళి వడల సంగతి చూడు," అన్నారు ఆయన. కమిటీ ఆ ఏడాది వేసిన పుస్తకంలో పిల్లల ఫోటో ఉంది. కింద 'జూనియర్ విభాగం: బాలల ప్రదర్శన' అని ఉంది. అందులో అప్పలరాజు లేడు. యూసుఫ్ భాయ్ లేడు. లింబాయత్ అన్న మాటే లేదు. ప్రదర్శనంటే మ్యాచ్ కాదు. మ్యాచ్ కాకపోతే కార్డులూ లేవు.

నేను కమిటీకి రాశాను. జవాబు లేదు. వెళ్ళి అడిగాను, చూద్దామన్నారు. దేశాయ్ గారి చేత కూడా రాయించాను. ఆయనకీ జవాబు లేదు. నేను రిటైరయ్యాక కార్యదర్శి మారారు. కొత్తాయన పాత సంగతులు తనకి తెలియవన్నారు. విశ్వనాథం గారు కూడా రిటైరై సూరత్‌లోనే ఆల్థాన్‌లో స్థిరపడ్డారు. ఓ ఆదివారం డుమస్ సముద్రతీరంలో తినుబండారాల బండి దగ్గర కనిపించారు. పలకరించి, అదే విషయం అడిగాను.

"ఇంకా అదేనా రాఘవరావు గారూ? వదిలెయ్యండి. టమాటా భజియా వేడిగా ఉంది, తినండి," అన్నారు.

తినలేదు.

మల్లేశం జట్టు ఇప్పుడు సెలవురోజుల్లో అదే డుమస్ ఇసుకలో, నీళ్ళు వెనక్కి తగ్గిన వేళ చూసుకుని ఆడుతోంది. కాళ్ళు కూరుకుపోతాయి, బంతి తిరగదు. మొన్న కలిసినప్పుడు మల్లేశం అడిగాడు: "సార్, గా స్కాట్లండోళ్ళు మల్ల జూనియర్ల ఆడనీకి అర్జీ పెడితే, జవాబు వచ్చేదా వాళ్ళకు?" వచ్చేదన్నాను. కాదన్నప్పుడు కూడా కాదని చెప్పేవాళ్ళని చెప్పాను. "మరి మనోళ్ళకు నోరు లేదా సార్?" అన్నాడు.

ఈ ఉదంతం వృత్తిపరంగా నాకు నేర్పింది ఇంతే. నిబంధనల్లో వాడే ప్రతి మాటకీ అర్థం మొదటి పేజీలోనే అచ్చువేయించాలి. ఫోన్ చెవిలో ఉన్న మనిషికి నోటితో చెప్పింది చెప్పినట్టు కాదు. రిఫరీ సంతకం పడ్డాక కూడా కప్పు ఎవరి చేతిలోకి వెళుతుందో చివరిదాకా చూడాలి.

ఇక కమిటీ కార్యదర్శి గారికి. మీరెవరైనా సరే, కొత్తవారైనా పాతవారైనా, ఈ పత్రిక మీకు చేరుతుందని నాకు తెలుసు. ఆ పొద్దున మా మైదానంలో జూనియర్ విభాగం మ్యాచ్ జరిగిందా, జరగలేదా? జరిగిందంటే లింబాయత్ పదకొండు మందికీ, మా తొమ్మిది మందికీ కార్డులు ఇవ్వండి. జరగలేదంటే జరగలేదని రాసి, కింద మీ పేరు పెట్టి నాకు పంపండి. ఈసారి తల ఊపితే ఒప్పుకోను. జవాబు చెప్పండి.